గుర్తొచ్చేసరికి నాయన లేడు

ఇది రాస్తున్న చెయ్యి నాదే అయినా ఇందులో సగం నాకు గుర్తున్న సంగతులు కావు. నా కూతురు యాస్మిన్ ఆస్పత్రిలో కూర్చుని రాసిపెట్టిన నోటుబుక్కు, మా ఆయన ఖాసీం చెప్పినవి, మా అమ్మ చెప్పలేక చెప్పినవి, ఇవన్నీ దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. ఒక పేజీకి రెండు మూడు రోజులు పడుతోంది. వాక్యం మధ్యలో మాట జారిపోతే పెన్ను కింద పెట్టి కాసేపు వరండాలో తిరిగొస్తాను. దొరికితే రాస్తాను. దొరక్కపోతే దాని పక్క మాటతో సరిపెట్టుకుంటాను. నాలాగే బీపీ మాత్ర మానేసినవాళ్లు ఎవరైనా ఇది చదివి, లేచి వెళ్లి ఆ మాత్ర వేసుకుంటే నేను పడ్డ తిప్పలు వృథా పోనట్టే.

నా పేరు మాబున్నీ. వయసు నలభై మూడు. గుంతకల్లు స్టేషన్లో టికెట్లిచ్చే కౌంటరులో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. మేము దూదేకులవాళ్లం. మా నాయన దస్తగిరి గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో ఉంటూ, చుట్టుపక్కల ఊళ్లు తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయనకు నేనొక్కదాన్నే సంతానం. దూది ధూళి నా ఊపిరిలోకి పోకూడదని చిన్నప్పుడు పని జరిగే చోటికే రానిచ్చేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చిన వారానికి గుంతకల్లు వచ్చి, అందరితో పాటు వరసలో నిలబడి, తన వంతు రాగానే నా ముందుకొచ్చి గార్లదిన్నెకు టికెట్ అడిగాడు. ఇచ్చాను. పక్కకు జరిగి ఇంకో రెండు గంటలు అక్కడే నిలబడి నేను పని చేస్తుంటే చూశాడు.

ఏప్రిల్

రెండేళ్ల ముందే డాక్టరు బీపీ ఉందని చెప్పి మాత్ర రాసిచ్చాడు. రంజాన్ ఉపవాసాల్లో మాత్ర వేళ తప్పింది. పండగ అయ్యాక మళ్లీ మొదలుపెడదామనుకున్నాను. తల నొప్పి లేదు, కళ్లు తిరగలేదు, ఒంట్లో ఏ బాధా లేదు. బాధ లేనప్పుడు మాత్ర ఎందుకులే అనుకున్నాను. నేను చేసిన తప్పు ఇదొక్కటే, దీని వెనకాలే మిగతావన్నీ వచ్చాయి.

ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. వరసలో ఉన్నతను కదిరికి రెండు టికెట్లు అడిగాడు. కొన్ని వేలసార్లు విన్న ఊరి పేరు. చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. కదిరి అంటే ఏమిటో, దానికి ఏ మీట నొక్కాలో తోచలేదు. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు. మళ్లీ అడిగాను. వెనకాల నిలబడ్డవాళ్లు విసుక్కోవడం మొదలుపెట్టారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు, భయం వేసింది. నా ముందున్న తెర మీద అక్షరాలు తెలుగూ కావు, ఇంగ్లీషూ కావు, చీమలు పాకినట్టున్నాయి. పక్క కౌంటరులో ఉండే అనసూయ నా మొహం చూసి కుర్చీలోంచి లేచింది. నా నోరు ఒక పక్కకు పోయిందని ఆమె తర్వాత చెప్పింది. ఆమె చెయ్యి నా భుజం మీద పడడం వరకే నాకు తెలుసు.

ఆ తర్వాత నాకు గుర్తున్న మొదటి సంగతి ఆగస్టులోది. నడుమ నాలుగు నెలలు నేను లేను.

మెదడులో నరం చిట్లిందన్నారు. అంబులెన్సులో అనంతపురం తెచ్చి, ఒక పెద్ద ఆస్పత్రిలో ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. తల ఎముక ఒక ముక్క కోసి తీసి, లోపల గడ్డకట్టిన రక్తం తీసేశారు. వాపు తగ్గేదాకా ఆ ఎముక తిరిగి పెట్టలేదు. ఖాసీం రైల్వేలోనే ట్రాకు పని చేస్తాడు. ఎండలో పట్టాల మీద నుంచి నేరుగా వచ్చి, బూట్లకు గ్రీజు ఉండగానే కాగితాల మీద సంతకం పెట్టాడట. దేని మీద పెట్టానో ఇప్పటికీ తెలీదంటాడు.

మే

ఇక్కణ్నుంచి యాస్మిన్ నోటుబుక్కు. నా కూతురు అప్పుడు అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. పరీక్షలు రాయలేదు.

ఐసీయూ బయట ఒక పొడుగాటి హాలు. ఇనుప కుర్చీలు, గోడకు రెండు ఫ్యాన్లు, అందులో ఒకటే తిరుగుతుంది. రోగుల బంధువులంతా అక్కడే. ఎవరి రోగి పేరు పిలిచినా అందరూ లేచి నిలబడేవాళ్లట. పిలుపు తమది కాదని తెలిశాక కూర్చునేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు.

నాకు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. దానికి గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. జ్వరం తగ్గింది గానీ కడుపు పాడైంది. విరేచనాలు ఆగలేదు. మనిషిని లేపి కూర్చోబెట్టి వ్యాయామం చేయించాల్సిన రోజుల్లో నేను కళ్లు తెరవలేనంత నీరసించాను. అప్పుడు డాక్టరమ్మ ముక్కు గొట్టంలోంచి ఒక పొడి ఇవ్వమని రాసింది. ప్రోబయోటిక్. కడుపులో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయని, మందులు వాటిని కూడా చంపేశాయని, వాటిని తిరిగి నింపడానికి ఈ పొడి అని చెప్పింది. ఆ సందర్భంలోనే ఇంకో మాట కూడా అంది. కడుపుకీ మెదడుకీ సంబంధం ఉందని, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇలాంటివి జ్ఞాపకశక్తి విషయంలో ఉపయోగపడతాయేమోనని కొందరు పరిశీలిస్తున్నారని, కానీ గట్టిగా ఏమీ చెప్పలేమని.

అక్కడ నిలబడి విన్నవాళ్లు ముగ్గురు. ఖాసీం, యాస్మిన్ 'చెప్పలేమని' అన్న మాట విన్నారు. నాయన అంతకు ముందు మాట విన్నాడు.

మరుసటి రోజు నుంచి నాయన తొలి బస్సుకు స్టీలు క్యారియర్‌తో వచ్చేవాడు. అందులో రాగి అంబలి. పిండి ముందురోజు నానేసి పులియబెట్టి, పొద్దున కాచి, చల్లారాక మజ్జిగ కలిపి తెచ్చేవాడు. అది గొట్టంలోంచి నాకు పోయమని నర్సు వెంట పడ్డాడు. ఆమె కుదరదంది. ఆస్పత్రి ఇచ్చేది తప్ప బయటిది గొట్టంలో పోస్తే ప్రాణం మీదికి వస్తుందంది. నాయన నేరుగా డాక్టరమ్మ గది ముందు కూర్చున్నాడు. ఆమె బయటికి వచ్చి, ఓపిగ్గా నిలబడి చెప్పింది, కాచితే ఆ జీవులు చచ్చిపోతాయి తాతా అని.

"సల్లారినంకనే గదమ్మా మజ్జిగ పోసేది. మజ్జిగలో ఉంటాయి గదా అవి?" అన్నాడట నాయన.

ఆమె నవ్వింది. అది నిజమే గానీ, ఇంత జబ్బులో ఉన్న మనిషికి ఇంట్లో పులిసింది ఏదైనా ప్రమాదమే అంది. నోటితో మింగడం వచ్చాక, తను చూసి సరే అన్నాక పెట్టొచ్చని, అప్పటిదాకా ఓపిక పట్టమని చెప్పింది. నాయన సరేనన్నాడు. అయినా క్యారియర్ తేవడం మానలేదు. ఈ రోజే మింగడం వస్తుందేమో, అప్పుడు చేతిలో లేకపోతే ఎట్ల అనేవాడట.

నేను మింగలేదు కాబట్టి ఆ అంబలి హాల్లో ఉన్నవాళ్లు తాగేవాళ్లు. తెచ్చిన గ్లాసులు నాలుగే. కడిగి మళ్లీ పోసేవాడు. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన లక్ష్మీదేవి అనే ఆమె భర్త నా పక్క మంచంలో ఉండేవాడు. ఆయన పోయిన రోజు, కాగితాలు అయ్యేదాకా ఆమెను ఆ ఇనుప కుర్చీలోనే కూర్చోబెట్టారు. నాయన గ్లాసుతో ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె వద్దంది. ఆయన కదల్లేదు. చివరికి తాగింది. యాస్మిన్ నోటుబుక్కులో ఆ రోజు నా గురించి ఒక్క ముక్క లేదు. ఇదే రాసింది.

జూన్

ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. పొడి వేశాక పది పన్నెండు రోజులకు కడుపు నిలిచింది. ఒంట్లోకి కొంచెం సత్తువ వచ్చింది. ఫిజియో వచ్చి కూర్చోబెడితే కూర్చున్నాను. ముక్కు గొట్టం తీశారు. డాక్టరమ్మ మింగడం పరీక్ష చేసి, చిక్కటి ద్రవాలు చెంచాతో పెట్టొచ్చంది. నాయన తెచ్చిన అంబలి రుచి చూసి, తాజాగా ఉంటేనే, రోజుకు అర గ్లాసే, పొడి మాత్రం ఆపకూడదని షరతు పెట్టింది.

అలా జూన్ మొదట్లో నాయన నాకు అంబలి తాగించడం మొదలుపెట్టాడు. ఆయన చేతుల మీద పరుపులు కుట్టిన సూదిపోట్ల గుర్తులు ఎప్పుడూ ఉండేవి. ఆ చేత్తో గడ్డం పట్టుకుని, ఒక చెంచా పోసి, నా గొంతు కదిలేదాకా చూసి, రెండో చెంచా పోసేవాడట. అర గ్లాసుకు ముప్పావు గంట. ఇదంతా నేను చదివి తెలుసుకున్నదే. ఆ చెంచా రుచి నాకు తెలియదు.

అప్పటికి నేను మాట్లాడుతున్నాను, కానీ మనుషులు తెలియడం లేదు. ఖాసీంను ఒకరోజు టీసీ అనుకున్నాను. యాస్మిన్‌ను నర్సు అన్నాను. అది బయటికి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, నర్సులాగే నా దుప్పటి సర్దింది. ఉన్నచోటు రైలు పెట్టె అనుకునేదాన్నట. తరువాతి స్టేషన్ ఏదని అడుగుతుండేదాన్ని.

నాయనకు అప్పటికే వారం పది రోజులుగా ఛాతీలో మంట. గ్యాస్ అనుకున్నాడు. ఆస్పత్రిలోనే ఉన్నావు గదా, ఆడ ఒక డాక్టరుకు చూపించుకో అని అమ్మ అంటే, "మనమ్మి లేసినంక నాది చూసుకుందాంలే" అన్నాడట. ఆయన నోట మనమ్మి అంటే నేనే. పెద్ద పెద్ద డాక్టర్లున్న మేడ మెట్లు రోజూ ఎక్కి దిగాడు. తన గురించి ఒక్కరినీ అడగలేదు.

జూన్ నడుమ ఒక పొద్దున, అమ్మ క్యారియర్ మూత బిగించి చేతికిద్దామని బయటికి వచ్చింది. నాయన అరుగు మీద కూర్చుని ఒక చెప్పు తొడుక్కున్నాడు. రెండోది చేతిలో ఉంది. గోడకు ఆనుకున్నాడు. పిలిస్తే పలకలేదు.

ఖాసీం, యాస్మిన్ ఇద్దరూ మట్టికి పోవాలి. నా దగ్గర ఎవరుండాలి? గుంతకల్లు నుంచి అనసూయ సెలవు పెట్టి వచ్చి ఆ రెండు రోజులూ నా మంచం పక్కన కూర్చుంది. నేను ఆమెతో బాగా మాట్లాడానట. నవ్వానట కూడా.

జూన్ చివర, జూలై

ఆస్పత్రి నుంచి పంపించేశారు. ఎక్కడికి పోవాలన్నది ప్రశ్న. అమ్మ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు. ఖాసీం డ్యూటీకి పోక తప్పదు. అందుకని నన్నే అమ్మ దగ్గరికి, మా పల్లెకు తీసుకుపోయారు. నాయన పోయిన ఇంటికే.

అక్కడికి చేరిన నాలుగైదు రోజులకు నాకు మనుషులు తెలియడం మొదలైంది. ముందు అమ్మను గుర్తుపట్టాను. తర్వాత యాస్మిన్‌ను. ఖాసీంను పేరు పెట్టి పిలిచాను. అందరూ సంతోషించే లోపే నేను అడిగాను, నాయన యాడ అని.

అమ్మ నిజం చెప్పింది. నేను ఏడ్చాను. ఎముక లేని చోట తల చర్మం ఉబ్బిందని, ఎక్కువ ఏడ్వనివ్వకూడదని యాస్మిన్ భయపడి నన్ను పట్టుకుంది. ఏడ్చి నిద్రపోయాను. నిద్ర లేచి, నాయన యాడ అని అడిగాను.

నా బుర్ర అప్పుడు విన్నది నిలుపుకోలేదు. పాత సంగతులన్నీ తిరిగి వస్తున్నాయి, కొత్తది మాత్రం ఒక్కటీ అంటుకోవడం లేదు. నాయన ఉన్నాడన్నది పాతది. పోయాడన్నది కొత్తది. అందుకని చెప్పినప్పుడల్లా నాకు అప్పుడే చచ్చిపోయినట్టు. అడిగిన ప్రతిసారీ అమ్మ తన మొగుడి చావు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అరుగు, చెప్పు, గోడ. నోటుబుక్కులో యాస్మిన్ ఆ పూటలన్నీ రాసింది. మొత్తం తొమ్మిది. మొదటి నాలుగింటికి నేను ఏమన్నానో రాసింది. తర్వాతవాటికి నా గురించి 'అమ్మకు మళ్లీ చెప్పాం' అని మాత్రమే ఉంది.

తొమ్మిదోసారి అయ్యాక ఖాసీం ఇక చాలన్నాడు. మామ పరుపులు కుట్టడానికి ఊళ్లకు పోయినాడని చెబుదాం, నెత్తి బాగయ్యాక చూసుకుందాం అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. వాళ్లిద్దరూ అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ గట్టిగా మాట్లాడుకున్నవాళ్లు కారు.

"అత్తా, ఆమె తల చూడు. దినామూ సచ్చినాడని చెప్పి ఏడిపించేకి నాకు చేతగాదు" అన్నాడు ఖాసీం.

"మట్టి చేసి ఇంగా నలభై దినాలు కాలేదు. ఆ మనిషి యాడో ఊర్లో తిరుగుతాండాడని నా నోట్లో నుంచి రాదప్పా" అంది అమ్మ.

డాక్టరమ్మను ఫోన్లో అడిగారు. ఏది సరైందో చెప్పడం కష్టమని, ప్రస్తుతానికి మాట మార్చడం, బలవంతంగా గుర్తుచేయకపోవడం మంచిదని, జ్ఞాపకం నిలవడం మొదలైన రోజు మాత్రం దాచవద్దని ఆమె అంది. దాంతో అబద్ధం చెప్పే పని ఖాసీం తీసుకున్నాడు. గుంతకల్లు నుంచి పొద్దున రైలుకు వచ్చి, నేను అడగ్గానే తాడిపత్రి దిక్కు పోయినాడని చెప్పి, కాసేపుండి, డ్యూటీకి పోయేవాడు. తను రాలేని రోజు యాస్మిన్ చెప్పేది. నేను అడిగినప్పుడు అమ్మ లేచి వంటింట్లోకి పోయేది.

నాయన పోయిన నలభయ్యో రోజు చేసే ఫాతెహా ప్రార్థనకు లక్ష్మీదేవి కళ్యాణదుర్గం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. తన భర్త పోయి ఇంకా మూడు నెలలైనా కాలేదు. ఒక సంచిలో రాగిపిండి తెచ్చింది. అమ్మ చేతికిచ్చి, ఆ పెద్దాయన పోసింది తాగినదాన్ని, ఊరికే రాలేకపోయినాను అంది. ఆ రోజంతా నా దగ్గర కూర్చుంది. ఇంటికి ఇంతమంది ఎందుకొచ్చారని నేను అడిగితే, నిన్ను చూసేకే అని చెప్పిందట.

అంబలి ఆగలేదు. నాయన పోయిన నాలుగో రోజు నుంచే అమ్మ పిండి నానేసింది. పొడి కూడా వేస్తూనే ఉన్నారు. నా మొగుడు నమ్మకంతో చేసింది, నేను ఆపితే ఆయన చేసిందంతా మన్నైపోతుందని అమ్మ అనేదట.

ఆగస్టు

నాకు గుర్తున్న మొదటి సంగతి ఇది. పొద్దున ఎండ గడప దాకా వచ్చింది. ఖాసీం గుమ్మం దగ్గర నిలబడి తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. నాయన తాడిపత్రి దిక్కు పోయినాడని అంటున్నాడు. అతని గొంతులో ఏ తడబాటూ లేదు. బాగా అలవాటైన మాటలాగా ఉంది.

ఆపరేషన్ తర్వాత నా బుర్ర మొదట పట్టి ఉంచుకున్నది ఆ అబద్ధాన్ని.

మరుసటి రోజు మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. ఈసారి నాకు ఎక్కడో తట్టుకుంది.

"నిన్నా అదే చెప్తివే" అన్నాను.

ఖాసీం చేతిలో తువ్వాల అలాగే ఉండిపోయింది. ఏమన్నావని అడిగాడు. నిన్న కూడా తాడిపత్రి అన్నావు, అంత దినాలు ఆడ ఏం పని అన్నాను. అతను నా మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ముందు నాకు తెలియలేదు. నాలుగు నెలలుగా ఇంట్లో అందరూ ఎదురుచూసిన మాట అది. 'నిన్న' అనే మాట నా నోట రావాలని దర్గాకు మొక్కుకున్నాడట. వచ్చింది. వచ్చిన క్షణంలోనే ఇక చెప్పక తప్పదని కూడా అతనికి తెలిసిపోయింది.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. నా తల పక్కన కూర్చుంది.

"లేడమ్మీ. జూన్‌లోనే పోయినాడు" అంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"తొమ్మిది మార్లు చెప్పినాం."

ఆ రోజు నేను ఎంతసేపు ఏడ్చానో నాకు తెలుసు. ఎవరూ రాసిపెట్టాల్సిన పని లేకపోయింది. మరుసటి పొద్దున ఇంట్లో ముగ్గురూ నా చుట్టూ తిరుగుతూ ఉన్నారు. ఊరికే దుప్పటి మడతపెట్టడం, నీళ్లు కావాలా అని అడగడం. నేను నాయన యాడ అని అడుగుతానేమోనని చూస్తున్నారు. నేను అడగలేదు. అమ్మ నా మొహంలోకి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. మర్చిపోవడం నయమైందంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఇక ఈ సంగతి రోజూ నిద్ర లేవగానే నా పక్కనే ఉంటుంది.

ఆ తర్వాత వారానికి నన్ను అనంతపురం తీసుకుపోయారు. డాక్టరమ్మ ఐదు మాటలు చెప్పి, వేరే కబుర్లలో పెట్టి, కాసేపాగి ఆ ఐదూ అడిగింది. నాలుగు చెప్పాను. ఆమె చాలా సంతోషించింది. ఇది ఆ పొడి వల్లా, అంబలి వల్లా అని ఖాసీం అడిగాడు. కడుపు నిలబడ్డం వల్ల తిండి ఒంటపట్టింది, వ్యాయామం ఆగలేదు, అంతవరకు చెప్పగలను, మెదడు కోలుకోవడంలో దాని పాలు ఎంతో నేను చెప్పలేను అంది ఆమె. చాలామందికి ఏ పొడీ లేకుండా కూడా ఈ సమయానికి కొంత తిరిగి వస్తుందంది. బస్సులో వస్తూ ఖాసీం అన్నాడు, బోరు ఏసిన దినమే వాన పడితే నీళ్లు దేనివని చెప్పేది అని.

ఆస్పత్రిలో నేను డాక్టరమ్మను ఒక్కటే అడిగాను. ఆ రోజులు, నాయన నాకు చెంచాతో పోసిన రోజులు, ఎప్పటికైనా తిరిగి వస్తాయా అని.

"అవి పోయినవి కాదమ్మా. మీ మెదడు అప్పుడు దాచుకోనే లేదు. దాచుకోనిది వెతికితే దొరకదు" అంది.

అబద్ధం చెప్పనందుకు ఆమె మీద నాకు గౌరవం ఉంది. ఆ రోజు మాత్రం లేదు.

ఇప్పుడు

నవంబర్‌లో తల ఎముక తిరిగి పెట్టారు. ఫిబ్రవరి నుంచి పనికి పోతున్నాను. కౌంటరు కాదు. వరసలో మనుషులు నిలబడి చూస్తుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. లోపల గదిలో ఫైళ్లు సర్దే పని ఇచ్చారు. అనసూయ మధ్యాహ్నం తన డబ్బా తీసుకుని నా దగ్గరికే వచ్చి తింటుంది. బీపీ మాత్ర పొద్దున మొహం కడుక్కోగానే వేసుకుంటాను. ఖాసీం కూడా చూపించుకున్నాడు. అతనికీ ఉంది.

రోగి దగ్గర కూర్చునేవాళ్లకు ఒక మాట. ఆ పొడి గానీ, ఇంటి మజ్జిగ గానీ, డాక్టర్ని అడక్కుండా పెట్టకండి. అడిగి, వాళ్లు సరే అంటే పెట్టండి. ఇంకో మాట, ఇది ముఖ్యం. మీ ఛాతీలో మంటను కూడా ఆ డాక్టర్‌కే చెప్పండి. మంచం మీద ఉన్న మనిషి లేచాక మీ కోసం చూస్తుంది.

పోయిన నెల పల్లెకు పోయాను. సాయంత్రం అమ్మ, నేను వంటింటి గడపలో కూర్చుని ఉన్నాం. నాయన నాకు అంత చేస్తే ఒక్క పూటైనా గుర్తులేదే అని నేను మళ్లీ మొదలుపెట్టాను. ఈ ఏడుపు నేను చాలాసార్లు ఏడ్చిందే. అమ్మ ఎప్పుడూ విని ఊరుకునేది. ఆ రోజు ఊరుకోలేదు.

"నీకొకటి చెప్పల్ల. చెప్తే బాధపడతావని ఇన్నాళ్లు చెప్పలే" అంది.

నాయన పోవడానికి నాలుగు రోజుల ముందు సంగతి. నాయన అంబలి తాగిస్తున్నాడు. నేను ఆయన్ను తేరిపార చూశానట. ఎవరో ముసలాయన, నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు అనుకున్నానేమో. ఎవురు తాతా నువ్వు, శానా మంచోడివి ఉండావే అన్నాను. నీకు పిల్లోళ్లు ఉండారా అని అడిగాను.

"ఉండాదమ్మా, ఒక కూతురు. రైల్వేలో పని చేస్తాది" అన్నాడట నాయన.

యాడుందని అడిగాను. దూరం పోయిందమ్మా, ఇంకా రాలేదు అన్నాడు. అప్పుడు నేను నా చెయ్యి ఎత్తి ఆయన మోచేతి మీద వేశానట.

"వస్తాదిలే తాతా. నిన్ను ఇడ్సిపెట్టి యాడికి పోతాది" అన్నాను.

నేను అమ్మ వైపు చూడలేకపోయాను. ఇంటికొచ్చి నాయన ఇది చెప్పి ఏడ్చాడా అని అడిగాను.

"యాల ఏడుస్తాడు? కాళ్లు కడుక్కోని నా ముందర కూసోని అంతా చెప్పినాడు. మనమ్మి వస్తానని చెప్పింది, వస్తాదిలే అన్నాడు. నువ్వు పడినప్పటి నుంచి ఆ మనిషి సరిగ్గా తినింది లేదు. ఆ మాపు ఇంగో సంగటి ముద్ద అడిగి పెట్టిచ్చుకున్నాడు."